పాట వింటే మతం పుచ్చుకున్నట్టేనా?

పోయిన పరీక్షలకు ముందు ఒక రాత్రి హాస్టలు గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట వింటున్నాను. పక్కమంచం మిత్రుడు వచ్చి ఒకటి లాక్కుని తన చెవిలో పెట్టుకున్నాడు. అరనిమిషం విన్నాడో లేదో "ఏరా, మతం పుచ్చుకున్నావా?" అన్నాడు. మర్నాటికి మెస్సులో అందరికీ తెలిసింది. ఆదివారానికి మా వూళ్ళోనూ తెలిసింది. మా నాన్న ఫోనుచేసి, ముందు వరి సంగతీ యూరియా సంగతీ చెప్పి, ఆఖర్న "ఆ పాటలు మనకెందుకురా?" అన్నాడు.

నాన్నకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆ రాత్రి నేను విన్నది ‘ఓ హ్యాపీ డే’. 18వ శతాబ్దపు చర్చికీర్తన అది. 1968లో ఎడ్విన్ హాకిన్స్ అనే నల్లజాతి యువకుడు దానికి కొత్త బాణీ కట్టి, కాలిఫోర్నియాలో బర్కిలీ పట్టణపు చర్చిలో కుర్రకారు బృందంచేత పాడించి రికార్డు చేశాడు. ప్రయాణం ఖర్చులకు డబ్బు కావాలని 500 ప్రతులు మాత్రం వేయించారట. ఒక రేడియోవాళ్ళ చేతికి చిక్కడంతో 1969లో ఆ పాట దేశదేశాల మారుమోగింది. జార్జి హారిసన్ అది విని ‘మై స్వీట్ లార్డ్’ కట్టాడు, 1970లో. ఆయన కృష్ణభక్తుడు. ఆ పాటలో హల్లెలూయా, హరే కృష్ణ పక్కపక్కనే వినిపిస్తాయి. ఎవరి మతం ఎవరు పుచ్చుకున్నట్టు?

క్రైస్తవ రాక్ అంటే మొదట చెప్పవలసిన పేరు లారీ నార్మన్. భుజాలమీద పడే జుట్టు, చేతిలో గిటారు. 1969లో ఆయన మొదటి సోలో ఆల్బం వచ్చింది. రాక్ అంటేనే సైతాను సంగీతమని అప్పట్లో చర్చి పెద్దలు చాలామంది మండిపడేవారు. బయటి కుర్రాళ్ళకేమో ఏసుపేరు వింటే నవ్వు. రెండువైపులా చెడ్డవాడైన మనిషి పాటలో నిజం వుంటుందని నాకో నమ్మకం. ఆయన 1972 ఆల్బం ‘ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్’లో ఒక పాట వుంది. తెల్లవాళ్ళ జాతిద్వేషాన్నీ, యుద్ధాన్నీ, జనం ఆకలితో వుంటే చంద్రుడిమీదికి పోయిన ఖర్చునీ ఏకిపారేస్తాడు. ఫిజిక్సు విద్యార్థిగా ఆ చంద్రుడి విషయంలో నాకు ఆయనతో పేచీ వుంది. అయినా పాట నాలుగుసార్లు విన్నాను. 2014లో అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచవలసిన రికార్డుల జాబితా ప్రకటిస్తే అందులో యీ ఆల్బం వుంది.

యీ పాటలన్నీ గొప్పవని నేననను. సగానికి సగం చప్పగా వుంటాయి. సినిమా బాణీలో దేవుడి పేరు ఇరికించిన మన భక్తి క్యాసెట్లకూ వాటికీ తేడా లేదు. సందేహమో బాధో తెలిసినవాడు పాడినవే వినాలి.

"వాళ్ళకు మనల్ని మార్చాలనే వుంది గదా" అంటారు. వుంది. లారీ నార్మన్ దాన్ని దాచుకోలేదు కూడా. మన యూనియన్ మీటింగుల్లో ఎర్రపాటలకు చప్పట్లు కొట్టినవాళ్ళంతా పార్టీలో చేరిపోయారా? ‘స్పిరిట్ ఇన్ ది స్కై’ అని ఏసుమీద పాట రాసి 1969లో పాడిన నార్మన్ గ్రీన్‌బామ్ యూదుడు, యూదుడిగానే వున్నాడు. అంతదూరం ఎందుకు? మన ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా జీవితమంతా త్యాగరాజ కీర్తనలు నాదస్వరంమీద వాయించారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయన నమాజు ఆయనదే.

అసలు సంగతి వేరే వుంది. మా పొలంలో నాట్లకు పేట నుంచి వచ్చే ఆడవాళ్ళు వంగి నాటుతూ ఏసుపాటలే పాడతారు. జానపదం బాణీలోనే. గట్టుమీద కూర్చుని నా చిన్నప్పట్నుంచీ విన్నాను, మా నాన్నా విన్నాడు. పాట ఆగితే "ఏమే, పాడరేం?" అని అడిగినవాడూ ఆయనే. అప్పుడు ఎవరూ మతం మాట ఎత్తలేదు. వాళ్ళు పాడితే పని సాగుతుంది, నేను వింటే పరువు పోతుంది! మనకు అడ్డమొచ్చేది దేవుడు కాడు, వూరికీ పేటకూ మధ్యనున్న దారి. యీ మాట రాయడానికి రెండురోజులు వెనకాడాను.

వినదలచుకున్నవాళ్ళు ‘ఓ హ్యాపీ డే’తో మొదలుపెట్టండి. తర్వాత యూ టూ బృందం 1983 ఆల్బం ‘వార్’లో చివరిపాట ‘ఫార్టీ’. 40వ కీర్తన ఆధారంగా కట్టింది. కచేరీ చివర యీ పాట అందుకుని, వాయించేవాళ్ళు ఒక్కొక్కరే వేదిక దిగిపోయినా జనం పాడుతూనే వుండేవారట. ఏ మతంవాళ్ళెందరో అక్కడ ఎవరు లెక్కపెట్టారు?

పక్కమంచం మిత్రుడు యిప్పుడు ‘ఓ హ్యాపీ డే’ తనే పెట్టమంటున్నాడు, తలుపు వేశాక. మా నాన్నకు మాత్రం యింకా వినిపించలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూడాలి.