పచ్చిపుండు మీద వేదాంతం

దుఃఖంలో ఉన్నవారికి మన ఇళ్లలో వేదాంతం చెప్పేవారికి కొదవ ఉండదు. దినవారాలు ముగియకముందే "మన చేతుల్లో ఏముంది", "పోయినవారు తిరిగి వస్తారా" అంటూ వరుస కడతారు. నేనూ అలా చెప్పినవాడినే. వృత్తిలో చేరిన తొలి రోజుల్లో, జ్వరంతో బిడ్డను పోగొట్టుకుని ఆసుపత్రి వరండాలోని బల్ల మీద కూలబడిన ఒక తండ్రికి, పుట్టినవారు పోక తప్పదని నిలబడే చెప్పాను. ఆయన తలెత్తి, "తమరికి పిల్లలున్నారా డాక్టరు బాబూ?" అని అడిగాడు. లేరన్నాను. ఆయన మరేమీ అనలేదు.

నాది పాత పొరపాటేనని చాలా ఏళ్ల తరువాత సిసెరో జీవితం చదివినప్పుడు తెలిసింది. గ్రీకు తత్త్వశాస్త్రాన్ని లాటిన్ పాఠకులకు అందించిన రోమన్ వక్త ఆయన. క్రీ.పూ. 45లో, ఆయనకు అరవై దాటిన వయసులో, కుమార్తె తుల్లియా ప్రసవించిన కొద్ది వారాలకే మరణించింది. మిత్రుడు అట్టికస్ ఇంట చేరి, శోకోపశమనం గురించి పూర్వులు రాసిన గ్రంథాలన్నీ చదివాడు. ఏ వాదనకూ తన దుఃఖం లొంగలేదని ఆ మిత్రునికే లేఖలో ఒప్పుకున్నాడు. సముద్రతీరంలోని అస్తురాకు వెళ్లి, ఉదయమే దట్టమైన అడవిలో దూరి సాయంత్రం వరకు బయటకు వచ్చేవాడు కాదు. రోజంతా రాసేవాడు. తనను తాను ఓదార్చుకుంటూ ఒక గ్రంథమే రాశాడు. అందులో నేడు కొన్ని శకలాలు మాత్రమే మిగిలాయి.

అదే ఏడాది రాసిన 'టస్క్యులన్ సంభాషణలు'లో తత్త్వశాస్త్రాన్ని మనసుకు వైద్యంగా వర్ణించాడు. అయితే అప్పుడే వచ్చిన మనసు వాపుకు మందు వేయరాదని స్టోయిక్ తత్త్వవేత్త క్రిసిప్పస్ హెచ్చరించాడనీ, తాను ఆ మాటను పాటించలేదనీ అందులోనే చెబుతాడు. గడ్డ పక్వానికి రాకముందు కత్తి పెట్టరాదని నేర్చుకున్న నాకు ఈ మాట సులభంగానే అర్థమైంది.

మరి వాపు తగ్గాక తత్త్వం ఏమి చేయగలదు? చాలా చేయగలదు. బానిసగా జీవితం మొదలుపెట్టిన ఎపిక్టెటస్ బోధ ప్రకారం, మనల్ని కలచివేసేది సంఘటన కన్నా దానిపై మనం ఇచ్చుకునే తీర్పు. కుమారుడు పరీక్ష తప్పాడన్నది సంఘటన. వాడి బతుకు ముగిసిందనీ, మన పరువు పోయిందనీ అనుకోవడం తీర్పు. ఈ రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకుంటే, రోజువారీ అసంతృప్తిలో పెద్ద భాగం పలచబడుతుంది. అమెరికాలో 1955 ప్రాంతంలో ఆల్బర్ట్ ఎల్లిస్, ఆ తరువాత ఆరన్ బెక్ రూపొందించిన మానసిక చికిత్సలకు మూలం ఈ ఆలోచనేనని వారే చెప్పుకున్నారు. నేడు మానసిక నిపుణులు విస్తృతంగా వాడే చికిత్సలివి. కానీ ఈ పని ఎవరికి వారు చేసుకోవలసిందే. పక్కవారు చేసి పెడితే అది ఉపదేశమవుతుంది, కొన్నిసార్లు హింస కూడా.

ఇంకొక విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. "రోజూ గీత చదువుతున్నాను, అయినా మనసు కుదుటపడటం లేదు, నాలోనే ఏదో లోపం ఉంది" అనే రోగులను ఎందరినో చూశాను. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులు వీడకపోతే, నిద్ర, ఆకలి తప్పితే, ఇష్టమైన పనులపైనా ఆసక్తి నశిస్తే, అది డిప్రెషన్ అనే వ్యాధి కావచ్చు. థైరాయిడ్ లోపం కూడా ఇలాగే కనిపించవచ్చు. ఇవి జ్ఞానం చాలకపోవడం వల్ల వచ్చేవి కావు. పరీక్ష, చికిత్స అవసరం. చనిపోవాలన్న తలంపు వస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు.

ఇక అప్పుడే ఆప్తులను పోగొట్టుకున్నవారి సంగతి. వారికి వేళకు నాలుగు ముద్దలు తినిపించండి, అడిగితే వినండి, లేకపోతే ఊరకే పక్కన ఉండండి. ఆనాడు ఆ తండ్రి కూర్చున్న బల్ల మీద మరొకరికి చోటుంది. నేను కూర్చోలేదు.