వేగం కూడా హక్కుల సమస్యే

రోడ్డు పక్క వూళ్ళలో తరచూ జరిగేదే ఇది. బడికి వెళ్తున్న పిల్లనో, గేదెల్ని తోలుకొస్తున్న ముసలమ్మనో లారీ గుద్దేస్తుంది. ఆ పూట ఆడవాళ్ళంతా రోడ్డు మీద బైఠాయిస్తారు. పోలీసులొస్తారు, హామీలిస్తారు. తెల్లారేసరికి వూరివాళ్ళే మట్టీ రాళ్ళూ తెచ్చి రోడ్డుకడ్డంగా గట్టు పోసుకుంటారు. అనుమతి లేని స్పీడ్ బ్రేకర్ అంటూ అధికారులు కొన్నాళ్ళకి దాన్ని తవ్వి పారేస్తారు. కానీ ఆ గట్టు వెనకున్న డిమాండు ఏమిటో ఎవరూ అడగరు.

స్త్రీల భద్రత అనగానే మనం వేధింపుల గురించి, లైట్లు లేని వీధుల గురించి, ఆఖరి బస్సు గురించి మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. వాహనాల వేగాన్ని మాత్రం ఇంజనీర్ల వ్యవహారమని వదిలేశాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. వాళ్ళలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్ళు.

ఈ విషయాన్ని రాజకీయ సమస్యగా నిలబెట్టినవాళ్ళు నెదర్లాండ్స్ తల్లిదండ్రులు. 1971లో ఆ చిన్న దేశంలో సుమారు 3,300 మంది రోడ్ల మీద చనిపోయారు. వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలే. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు 1972లో రాసిన వ్యాసం నుంచి 'పిల్లల హత్యలు ఆపండి' అనే ఉద్యమం పుట్టింది. దానికి మొదటి అధ్యక్షురాలు మార్ట్యే వాన్ పుటెన్ అనే యువతి, పసిపిల్లల తల్లి. వాళ్ళు వీధుల్ని దిగ్బంధం చేసి, అక్కడే పిల్లల్ని ఆడించారు. ఇళ్ళ మధ్య వీధుల్లో నడిచేవాళ్ళకే మొదటి హక్కని, వాహనాలు మెల్లగా పోవాలని 1976లో ఆ దేశం చట్టంలో రాసుకుంది.

బ్రిటన్‌లో ఈ పని స్థానిక కౌన్సిళ్ళు చేపట్టాయి. షెఫీల్డ్, నారిచ్, కింగ్‌స్టన్‌లలో 1991లో గంటకు 20 మైళ్ళ (సుమారు 32 కిలోమీటర్ల) వేగపరిమితి మండలాలు మొదలయ్యాయి. కౌన్సిళ్ళు బోర్డు పాతి వూరుకోలేదు, రోడ్డు ఆకారాన్నే మార్చాయి. ఏటవాలుగా మిట్టలు పోశాయి, మలుపుల దగ్గర రోడ్డుని ఇరుకు చేశాయి, మనుషులు దాటేచోట రోడ్డుని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపాయి. డ్రైవరు మంచితనం మీద ఆధారపడే అవసరం లేకుండా రోడ్డే అతన్ని నెమ్మదింపజేస్తుంది. లండన్‌లో 1986 నుంచి 2006 దాకా లెక్కలు పరిశీలిస్తే, ఇలాంటి మండలాల్లో ప్రమాదాల్లో చనిపోయే, గాయపడే వాళ్ళ సంఖ్య సుమారు 42 శాతం తగ్గిందని తేలింది.

ఇందులో మనం ప్రత్యేకంగా చూడాల్సిన కోణం ఒకటుంది. ఇంగ్లండ్‌లో 1971లో ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో 80 శాతం పెద్దల తోడు లేకుండానే బడికి వెళ్ళేవాళ్ళు. 1990 నాటికి అది 9 శాతానికి పడిపోయిందని మేయర్ హిల్‌మన్ బృందం పరిశోధనలో బయటపడింది. ఆ మధ్యకాలంలో పిల్లల మరణాలు తగ్గిన మాట నిజమే. అయితే అందుకు కారణం రోడ్లు బాగుపడటం కాదు, పిల్లల్ని రోడ్డెక్కనివ్వకపోవడమేనని వాళ్ళు వాదించారు. మరి ఆ పిల్లల్ని రోజూ దింపి తీసుకొచ్చిందెవరు? ఎక్కువగా తల్లులే. కార్ల వేగం మిగిల్చిన నిమిషాలకు స్త్రీలు తమ గంటలతో వెల కట్టారు. జీతం లేని ఇంటి చాకిరీలో ఇదొకటి చేరింది.

2023లో వేల్స్ ప్రభుత్వం జనావాసాల రోడ్లన్నిటికీ సాధారణ పరిమితిని 20 మైళ్ళు చేస్తే, దాన్ని రద్దు చేయమని నాలుగున్నర లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. టైము వృథా అవుతుందనేది వాళ్ళ అభ్యంతరాల్లో ఒకటి. ఎవరి టైముని లెక్కలోకి తీసుకుంటున్నామనేదే అసలు ప్రశ్న.

ఇక మన సంగతి. స్పీడ్ బ్రేకరు ఎలా వుండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది: పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, ముందుగా హెచ్చరిక బోర్డు, కనిపించేలా చారలు. మన కాలనీల్లో వేసేవి తరచుగా జానెడు వెడల్పుతో గోడల్లా వుంటున్నాయి. బండి మీద వెనక ఒకపక్కకి కూర్చుని, ఒళ్ళో పాపతో పోతున్న ఆమెకి పట్టుకోడానికి ఏమీ వుండదు. చీకట్లో కనపడని మిట్ట దగ్గర ముందు పడిపోయేది ఆమే. కాబట్టి 'ఏదో ఒక బ్రేకర్ వేయండి' అని అడగడం చాలదు. ప్రమాణం ప్రకారం వేయమని అడగాలి.

అడగడానికి చట్టం మన వైపే వుంది. 1992 నాటి 73, 74 రాజ్యాంగ సవరణలు పంచాయితీలకీ మునిసిపాలిటీలకీ అప్పగించదగ్గ పనుల జాబితాలో రోడ్లని చేర్చాయి. డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా అందుకు బాధ్యులైన అధికారులకీ కాంట్రాక్టర్లకీ లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. జాతీయ రహదారి వూరి మధ్య నుంచి పోతుంటే అది పంచాయితీ చేతిలో వుండదు. అయినా గ్రామసభ తీర్మానం చేసి పంపడానికి అడ్డేమీ లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవి. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ ముందు ఈ సమస్య పెట్టాల్సింది మనమే. మన సంఘాలు తమ వార్డులో ఒక పూట నడిచి చూడాలి. బడి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర, బస్సు దిగేచోట ఎక్కడ భయం వేస్తుందో ఆడవాళ్ళనే అడిగి రాసుకుని, ఆ కాగితంతో కౌన్సిల్ దగ్గరికి వెళ్ళాలి. ఒక పిల్ల చనిపోయాక గట్టు పోసుకోవడం మనకి అలవాటైపోయింది. ఆ పిల్ల చనిపోకముందే అడగడం మొదలుపెడదాం.