మూట కట్టేవారికి ఒక విన్నపం

మిత్రులు కొందరు తమ రచనలన్నిటినీ ఒక జిప్ దస్త్రంగా కుదించి, సీడీలోనో పెన్‌డ్రైవులోనో పెట్టి, ఇక అవి భద్రమేనని నిశ్చింతగా ఉంటున్నారు. కుదించడం వేరు, భద్రపరచడం వేరని నా అభిప్రాయం.

జిప్ అనగానే నా వంటి తెలుగు పండితునికి తోచేది సమాసం. ‘రాముని యొక్క బాణము’ రామబాణమైనపుడు విభక్తి లోపిస్తుంది, విగ్రహవాక్యంలో తిరిగి వస్తుంది. అయితే ‘పీతాంబర’ అన్నది పచ్చని వస్త్రమా, దానిని ధరించినవాడా అన్నది సందర్భమే చెప్పాలి. జిప్‌కు ఆ సందిగ్ధం లేదు. విప్పినది మొదటిదేనా అని సరిచూసే సంఖ్య ఒకటి మూటలోనే ఉంటుంది. (మన ఘనపాఠీలు చేసే పని కొంతవరకు ఇదే కదా!)

1977లో లెంపెల్, జివ్ అనే ఇద్దరు చూపిన ఉపాయం దీనికి మూలం. ముందు వచ్చిన వరుసే మళ్ళీ వస్తే, తిరిగి వ్రాయక ‘వెనుక ఫలానా చోట చూచుకొనుము’ అని గుర్తు పెట్టడం. మన లిపికి ఇది ఎంతో మేలు. యూటీఎఫ్-8లో ‘తెలుగు’ అన్న మాటకు 18 బైట్లు కావాలి. గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలు, ఒక్కొక్కటికి 3 బైట్లు. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండవది రెండే విలువలలో ఒకటి. ఇన్ని పునరుక్తులుంటే కుదించడం సులువే. జేపెగ్ ఛాయాచిత్రాలు ముందే కుదించినవి గనుక వాటిని జిప్ చేసినా తగ్గేది స్వల్పం.

ఇక అసలు విషయం. ఆళ్ళగడ్డ శిల్పుల ఊరని అందరికీ తెలిసినదే. అక్కడి నా సహాధ్యాయి ఒకరు (ఇప్పుడు లేరు) శిల్పుల వాడుకమాటలను ఏళ్ళ తరబడి సేకరించారు. వారి కుమారుడు నంద్యాలలోని మా ఇంటికి ఒక సీడీ తెచ్చాడు. మూడు ముక్కలుగా చేసిన రార్ దస్త్రమది. రెండవ ముక్క లేదు. మొదటి ముక్కలో పూర్తిగా ఉన్నవి మాత్రం విచ్చుకొన్నాయి. అవీ యూనికోడ్‌లో లేవు. తెర మీద ఆంగ్లాక్షరాల కలగాపులగం. ఊళ్ళో ఒక డీటీపీ కొట్టులో ఆ పాత ఫాంటు దొరికిన తరువాతనే తెలుగు కనబడింది. ఉలుల పేర్ల పట్టిక మాత్రం అందులో లేదు.

అందుచేత నా విన్నపం. ముక్కలు చేయకండి; 1.44 మెగాబైట్ల ఫ్లాపీల నాటి అవసరమది. పదిమంది చదవాలని వ్రాసినదానికి సంకేతపదం వేసి తాళం పెట్టడం ఎందుకో నాకు బోధపడదు. పాత ఫాంటులో ఉన్నదానిని యూనికోడ్‌లోకి మార్చి, మూలాన్నీ ఆ ఫాంటునూ కూడా మూటలో చేర్చండి. రార్ కంటె జిప్ మేలు. దాని నిర్మాణ వివరణ 1989 నుండి అందరికీ అందుబాటులో ఉన్నది. 1999లో ఈగర్ పావ్‌లోవ్ విడుదల చేసిన సెవెన్-జిప్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో పరీక్షించే మీట ఒకటున్నది, మూట కట్టగానే దానిని నొక్కండి.

దస్త్రాల పేర్లను మాత్రం ఆంగ్లాక్షరాలలోనే పెట్టమంటాను. తెలుగు పండితుడై ఉండి ఇదేమి సలహా అనవచ్చు. జిప్ ప్రమాణంలో యూటీఎఫ్-8 పేర్లకు గుర్తు చేరినది 2006లో. అంతకు ముందరి సాధనాలలో విప్పితే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. లోపల తెలుగు చెడకుండా ఉంటే, పైన చీటీ ఏ లిపిలో ఉన్నా నాకు అభ్యంతరం లేదు.