తెర మీద గుండె, మన వీధిలో గుండె

మన సినిమాల్లో గుండెజబ్బు భలే చురుకైనది లెండి! జమీందారుగారికి టెలిగ్రాం అందుతుంది. చెయ్యి ఛాతీ మీదికి పోతుంది. "అమ్మా!" అంటూ మెట్ల మీంచి దొర్లిపోతాడు. డాక్టరు కళ్ళద్దాలు తీసి తల అడ్డంగా ఊపుతాడు. హాల్లో మనం ముక్కులు చీదుకుంటాం. అంతా రెండు నిమిషాలు!

అందుకే మా పెద్దమండ్యంలో ఎవరైనా ఉన్నట్టుండి పోతే "హార్టు ఫెయిలంట" అనేస్తాం. డాక్టర్లు ఆ మాట వాడేది వేరే సంగతికి. గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి చాలినంత రక్తం తోడలేకపోవడం. అది చాలాసార్లు వారాల తరబడి కబుర్లు పంపుతూనే వస్తుంది. మనమే వినిపించుకోం.

మా వీధి అవ్వకు కాలిమెట్టెలు బిగుసుకుపోయాయి. "వయసు గదా" అన్నారు. నాలుగడుగులకే ఆయాసం. "ఉబ్బసం" అన్నారు. రాత్రుళ్ళు దగ్గు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లోనే క్షయ ఆస్పత్రి వెలిసిన సీమ మాది. దగ్గంటే ఊపిరితిత్తులే తప్ప గుండె ఎవరికి గుర్తొస్తుంది? ఒక రాత్రి చూద్దును గదా, అవ్వ గోడకానుకుని కూచొనే కునుకు తీస్తా ఉంది. "పండుకుంటే ఊపిరాడదు నాయనా" అనింది.

మదనపల్లెకు తీసుకుపోయాం. "ఎన్ని దిండ్లు పెట్టుకుంటావవ్వా?" అన్నాడు డాక్టరు. "దిండ్లెక్కడివి సామీ, గోడే!" ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టాడు. వేలు తీసినా గుంట అట్లనే ఉంది. మెడలో ఉబ్బిన నరం చూశాడు. ఆ తరవాతే ఈసీజీ, ఎకో.

పడుకుంటే కాళ్ళలో చేరిన నీరు పైకి మళ్ళి ఊపిరితిత్తుల మీద భారం వేస్తుందట. లేచి కూచుంటే తెరపి. రెండు పాదాలూ వాచినా, నిద్రలో ఊపిరాడక లేచినా, మూడు రోజుల్లో 2 కిలోలకు మించి బరువు పెరిగినా చూపించుకోండి. వాపు మూత్రపిండాల వల్ల కూడా రావచ్చు, తేల్చేది డాక్టరే. కూచున్నా ఊపిరాడకపోతే, నురగ కళ్ళె పడితే ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను కొట్టండి.

గుండెజబ్బంటే కథ ముగిసినట్టు కాదు. అక్కినేని 1974లో అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని, 2014లో వచ్చిన "మనం" దాకా నటించారు!

అవ్వ ఇప్పుడు మాత్రలు మానకుండా మింగి, హాయిగా పండుకొనే నిద్రపోతోంది. ఉప్పు తగ్గించి, ఊరగాయ మానిపించినందుకు డాక్టర్ని మాత్రం రోజూ తిడుతోంది. తిట్టనీండి! తిట్టడానికి ఊపిరి చాలుతోంది గదా!