అరిచేవాడు అభిమాని కాడు

ఇళయరాజా గొప్పా, రహమాన్ గొప్పా? ఈ తగువు వినపడని టీకొట్టు కోవిల్‌పట్టిలో ఉండదు. విరుదునగర్ పొయ్యే బస్సులో డ్రైవరన్న పాట పెట్టాడంటే చాలు, వెనక సీట్లో మొదలవుతుంది. మా తరగతిలో అయితే బెంచీలే రెండు పక్షాలు. ఈ తగువు వల్ల ఒకరితో ఒకరు మాట్లాడుకోని స్నేహితులు కూడా ఉన్నారు. పాట అనేది మనుషుల్ని కలపాలని పెద్దలు అంటారు కదా, మరి పాట పేరు చెప్పుకొనే విడిపోతున్నాం, ఇదేం అభిమానం?

నేను ఈ వ్యాసం రాసేది తగువు ఆపమని కాదు. తగువు సరిగా పడండి అని.

ముందు పెద్దల మాట తీసుకుంటాను. "సినిమా పాటల మీద వాదులాట దండగ, ఆ టైములో రెండు లెక్కలు చేసుకో" అంటారు. ఇది నేను ఒప్పుకోను. ఒక పాట ఎందుకు బాగుంది అని చెప్పాలంటే చెవి పెట్టి వినాలి, రెండు పాటలు పోల్చాలి, కారణం చూపాలి, ఎదుటివాడి మాటకు జవాబు వెతకాలి. తెలుగు పరీక్షలో పద్యానికి భావం రాయమన్నప్పుడు మనం చేసేది ఇదే కదా! సైన్సులో రుజువు చూపమన్నప్పుడు చేసేదీ ఇదే. కాబట్టి వాదించడం తప్పు కాదు. మనం వాదించే తీరే తప్పు.

మన తీరు ఎట్లా ఉందో చూడండి. ఒకడు అంటాడు, "మావాడికి రెండు ఆస్కార్లు." ఇంకొకడు అంటాడు, "మావాడు లండన్‌లో సింఫనీ చేశాడు." రెండూ నిజమే. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సినిమాకు 2009లో రహమాన్‌కు రెండు ఆస్కార్లు వచ్చాయి. ఇళయరాజా సింఫనీ 'వేలియంట్' 2025 మార్చి 8న లండన్‌లో వినిపించారు. కానీ ఈ రెండు మాటల్లో పాట ఎక్కడుంది? బహుమతి ఇచ్చినవాళ్లు చెప్పినదాన్ని మనం మళ్లీ చెబుతున్నాం, అంతే. మన చెవికి ఏం వినపడిందో ఒక్క ముక్క లేదు. ఆ సింఫనీని మొదటినుంచి చివరిదాకా విన్నావా అని అడిగి చూడండి, తల గోక్కుంటారు. వినకుండా పొగడటం, వినకుండా తిట్టడం, రెండూ ఒకటే.

వేరే దేశంలో అభిమానులు ఎట్లా వాదిస్తారో చెబుతాను. ఇంగ్లాండులో లివర్‌పూల్ అనే రేవు పట్టణంలో పుట్టిన నలుగురు కుర్రాళ్ల జట్టు బీటిల్స్. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. 1963లో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది, 1970లో జట్టు విడిపోయింది. అంటే ఏడెనిమిదేళ్ల పాటలు. వాటిమీద యాభై ఏళ్లు దాటినా వాదన ఆగలేదు. వాళ్లు దేనిమీద వాదిస్తారు?

ఒకటి, చివరి ఆల్బమ్ ఏది? 'లెట్ ఇట్ బి' 1970లో వచ్చింది కాబట్టి అదే చివరిది అని కొందరు. కాదు, దాన్ని ఎక్కువ భాగం 1969 జనవరిలోనే రికార్డు చేశారు, 'ఆబీ రోడ్' ఆ తర్వాత చేసి అదే ఏడు సెప్టెంబరులో విడుదల చేశారు, కాబట్టి కలిసి చేసిన చివరి పని అదే అని కొందరు. రెండోది, 1968లో తెల్ల అట్టతో వచ్చిన రెండు ప్లేట్ల ఆల్బమ్. అందులో 30 పాటలు. వాటిలో చాలావరకు మన హిమాలయాల కింద ఋషికేశ్‌లో ఉన్నప్పుడు రాసుకున్నవి. వాళ్ల నిర్మాత జార్జ్ మార్టిన్‌కే అది ఒక్క ప్లేటుగా వస్తే బాగుండేదని ఉండేది. అయితే ఏ పాటలు తీసేయాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే 30 పాటలూ వినాల్సిందే, తప్పించుకోలేరు. మూడోది, లెనన్, మెకార్ట్‌నీ ఇద్దరి పేర్లూ కలిపి వేసిన పాటల్లో ఏది ఎవరు ఎక్కువ రాశారు అనేది.

వాళ్లలోనూ జాన్ పక్షం, పాల్ పక్షం అని కొట్టుకునేవాళ్లు ఉన్నారు. అయినా ఆ కొట్లాటలో కూడా ఏ రోజు ఏ పాట రికార్డు చేశారు, ఏ వాయిద్యం ఎవరు పట్టుకున్నారు అని తారీఖు, పేరు అడుగుతారు. మన కొట్లాటలో గొంతు ఒక్కటే సాక్ష్యం. ఎవడు గట్టిగా అరిస్తే వాడు గెలిచినట్టు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. తెలుగు చదివే పిల్లలకు ఈ తగువులో ఇంకో దెబ్బ తగులుతుంది. "మీ తెలుగు పాటలన్నీ మా తమిళ పాటలకు డబ్బింగే కదరా!" అంటారు. మనవాళ్లు తల వంచుకొని ఊరుకుంటారు, లేదంటే కోపంతో ఏదో ఒకటి అంటారు. రెండూ అక్కర్లేదు. సంగతి తెలిస్తే చాలు. 'రోజా' 1992లో తమిళంలో తీసిన సినిమా, తెలుగులోకి డబ్బింగ్ అయింది. నిజమే. 'గీతాంజలి' 1989లో తెలుగులో తీసిన సినిమా, మణిరత్నం తీశాడు, ఇళయరాజా సంగీతం, వేటూరి పాటలు. అది తమిళంలోకి డబ్బింగ్ అయి 'ఇదయత్తై తిరుడాదే' అయింది. మన ఊళ్లో దాని పాటలు తమిళ పాటలే అనుకొని పాడుతారు. కె. విశ్వనాథ్ 'సాగర సంగమం' 1983లో తెలుగులో తీస్తే, అది తమిళంలో 'సలంగై ఒలి' అయింది. ఇళయరాజాకు మొదటి జాతీయ అవార్డు ఆ తెలుగు సినిమాకే వచ్చింది. తర్వాత 'సింధు భైరవి' అనే తమిళ సినిమాకు, ఆ తర్వాత 'రుద్రవీణ' అనే తెలుగు సినిమాకు వచ్చాయి. కాబట్టి పాట రెండు దారుల్లోనూ నడిచింది. ఒకటే దారి అనేవాడికి సగమే తెలుసు.

ఇంకో సంగతి. డబ్బింగ్ పాట అంటే ఎందుకంత చులకన? డబ్బింగ్ పాట రాసేవాడి కష్టం చూడండి. బాణీ ముందే ఉంది, మార్చడానికి లేదు. తెరమీద నటుడి నోరు ఎక్కడ మూసుకుంటుందో అక్కడ ప, బ, మ లాంటి పెదవులు కలిసే అక్షరం పడాలి. అర్థం చెడకూడదు. తెలుగు తెలుగులాగే వినపడాలి. 'రోజా'కు తెలుగులో ఆ పని చేసిన కవి రాజశ్రీ. ఆయన పేరు మన అభిమానుల్లో ఎంతమందికి తెలుసు? పాట నోటికి వచ్చు, రాసినవాడి పేరు రాదు. ఇది అభిమానం అనిపించుకోదు.

మనవాళ్ల గొప్పలు కూడా విన్నాను. "సుశీల మావాళ్లు, జానకి మావాళ్లు, బాలు మావాడు, మేం లేకపోతే తమిళ పాటే లేదు" అంటారు. ఇది కూడా అరుపే. పి. సుశీల విజయనగరంలో పుట్టారు, ఎస్. జానకి గుంటూరు జిల్లాలో పుట్టారు, బాలసుబ్రహ్మణ్యం గారిది నెల్లూరు సీమ. సరే. ఉత్తమ గాయనికి జాతీయ అవార్డు మొట్టమొదట ఇచ్చినప్పుడు అది సుశీలమ్మకు ఒక తమిళ పాటకు వచ్చింది. తెలుగు నోట తమిళం అంత స్పష్టంగా పలికిందంటే దాని వెనక ఎంత నేర్చుకోవడం ఉండాలి! అట్లా నేర్చుకున్నందుకు ఆమెను మెచ్చుకోవాలి. మన భాషలో పుట్టినందుకు మెచ్చుకుంటే అందులో ఆమె చేసింది ఏముంది? మన రెండు పక్షాల నాయకుల సంగతీ అంతే. రహమాన్ చిన్నప్పుడు ఇళయరాజా బృందంలోనే కీబోర్డు వాయించాడు. తెలుగులో రాజ్-కోటి దగ్గరా పనిచేశాడు. వాళ్లు ఒకరి దగ్గర ఒకరు కూర్చొని పనిచేశారు, మనం ఒకే బెంచీలో కూర్చోలేకపోతున్నాం.

"ఇంగ్లీషు వాయిద్యాలు తెచ్చి మన సంగీతం పాడుచేశారు" అనే తాతలు కూడా ఉన్నారు. వాళ్లకు జవాబు మన కోవిల్‌పట్టి పక్కనే, ఎట్టయపురంలో ఉంది. ముత్తుస్వామి దీక్షితర్ 1835లో అక్కడే కన్నుమూశారు, అక్కడే ఆయన సమాధి. ఆయన ఇంగ్లీషువాళ్ల బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు. వాటిని నోటు స్వరాలు అంటారు. ఇంగ్లాండు రాజును కీర్తించే పాట బాణీకి కూడా ఒకటి ఉంది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ ఫిడేలు నేర్చుకొని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారని చెబుతారు. ఆయన ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు. జార్జ్ హారిసన్ 1965లో బీటిల్స్ పాటలో మన సితారు వాయించడానికి నూరేళ్లకు ముందే మనవాళ్లు వాళ్ల ఫిడేలు తీసుకున్నారు. ఇచ్చి పుచ్చుకోవడం మొన్న మొదలైంది కాదు.

అదే ఎట్టయపురంలో నిజమైన అభిమాని ఎవరో చూపించే పని ఒకటి జరిగింది. బాలుస్వామి దీక్షితర్ మనవడు సుబ్బరామ దీక్షితర్. దీక్షితర్ కృతులు ఆయన నోట, ఆయన ఇంట్లో ఉన్నాయి. ఆ ఇంటి విద్య బయటికి రావాలని పట్టుపట్టినవాడు చిన్నస్వామి ముదలియార్. ఆయన క్రైస్తవుడు, మన కృతుల్ని ఇంగ్లీషు పద్ధతి స్వరలిపిలో రాసి అచ్చువేయాలని పూనుకున్నవాడు. దీక్షితర్ కులం కాదు, మతం కాదు, చుట్టం అసలే కాదు. ఉన్నదల్లా వినికిడి. ఆయన ఒత్తిడి వల్లా, ఎట్టయపురం రాజావారి ఆదరణ వల్లా సుబ్బరామ దీక్షితర్ 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' రాశారు. 1904లో ఎట్టయపురంలోనే అచ్చయింది. ఏ భాషలో అనుకున్నారు? తెలుగులో! రెండు వందలకు పైగా దీక్షితర్ కృతులు స్వరాలతో సహా అందులో ఉన్నాయి. మన ఊరికి బస్సులో పోయివచ్చేంత దూరంలో, మనం చదివే లిపిలో అచ్చయిన పుస్తకాన్ని ఈరోజుకూ సంగీత విద్వాంసులు తిరగేస్తూనే ఉన్నారు. మన అభిమానులకు మాత్రం దాని పేరు తెలియదు.

చిన్నస్వామి ముదలియార్ "మా దీక్షితర్ గొప్పా, మీ త్యాగరాజు గొప్పా" అని వీధిలో అరిచి ఉంటే మనకు ఏం మిగిలేది? ఏమీ మిగిలేది కాదు. రాయించాడు కాబట్టి మిగిలింది.

నా అసలు బాధ ఇక్కడ చెబుతాను. మన ఊళ్లలో అవ్వలు పాడే పాటలు ఉన్నాయి. పెండ్లిలో నలుగు పెట్టేటప్పుడు పాడేవి, బిడ్డను ఊపేటప్పుడు పాడేవి, కోలాటానికి పాడేవి. అవి మన తెలుగు. ఆంధ్రాలో పుస్తకాల్లో ఉండే తెలుగు కాదు, ఇక్కడి కరిసల్ నేలమీద తరతరాలుగా తమిళం పక్కన బతికిన తెలుగు. వాటికి ఆల్బమ్ లేదు, అవార్డు లేదు, వాటికోసం కొట్టుకునే పక్షమూ లేదు. ఇళయరాజా పాటలు నేను వినకపోయినా పోవు, వెయ్యి చోట్ల ఉన్నాయి. అవ్వ పాట అవ్వతోనే పోతుంది. ఇప్పుడు పెండ్లి మండపంలో స్పీకరు పెట్టేస్తే అవ్వ నోరు తెరవడానికి కూడా సందు లేదు. రహమాన్ ఏ ఏడు ఏ అవార్డు తీసుకున్నాడో గడగడా చెప్పే మనం, మన ఇంటి నలుగు పాట ఒక్కటి పూర్తిగా రాయగలమా? రాయలేకపోతే "తెలుగు మా భాష" అని ఏ నోటితో అంటాం?

కాబట్టి నేను అడిగేవి మూడు. మొదటిది, పాట గురించి నోరు తెరిచేవాడు ముందు ఆ పాట పూర్తిగా విని రావాలి. ఏ సినిమా, ఏ ఏడు, మొదట ఏ భాష, రాసింది ఎవరు, పాడింది ఎవరు, ఇవి చెప్పలేనివాడికి తగువులో చోటు ఇవ్వకండి. రెండోది, మా తెలుగు అయ్యవార్లకు విన్నపం. నెలకు ఒక పీరియడ్ మాకు ఇవ్వండి. రెండు పక్షాలూ లేచి నిలబడి, ఒక పాట వినిపించి, కారణంతో మాట్లాడతాం. అరిస్తే కూర్చోబెట్టండి. మూడోది, ప్రతి ఒక్కరూ ఈ వేసవి సెలవుల్లో తమ ఇంటి పాట ఒక్కటి రాసుకొని రావాలి. సెల్‌లో రికార్డు చేసి, తర్వాత అవ్వ పక్కన కూర్చొని మాట మాట సరిచూసుకొని రాయాలి. పాడినవాళ్ల ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా రాయాలి. తలకొకటి అయినా ఒక్క తరగతినుంచే ఒక నోటుబుక్కు నిండుతుంది.

"పదో తరగతిలో పబ్లిక్ పరీక్ష ఉంది, దీనికి టైము ఎక్కడిది?" అని అమ్మానాన్నలు అడుగుతారు. తగువుకు రోజూ పోయే టైము ఉంది కదా, అందులోంచే ఇస్తాం. పరీక్ష వచ్చే ఏడూ ఉంటుంది. ఎనభై ఏళ్ల అవ్వ వచ్చే ఏడు పాడుతుందని ఎవరు పూచీ?

ఇక ఇళయరాజా గొప్పా, రహమాన్ గొప్పా అంటారా? రండి, మాట్లాడదాం. పాట వినే రండి, నోటుబుక్కు తీసుకొనే రండి.