ఉంగరం ఎక్కడి నుంచి వచ్చింది?

మిర్యాలగూడ నుంచి ఓ డిగ్రీ అమ్మాయి ఉత్తరం రాసింది. ‘బాహుబలి’ అంటే ప్రాణమట. దేవసేనను పాతికేళ్లు సంకెళ్లలో ఉంచారు కదా, సినిమాలో చూపించని ఆ పాతికేళ్ల కథను నవలగా రాద్దామని రెండొందల పేజీల నోటుబుక్కు కొంది. నలభై పేజీలయ్యాక కలం కదలడం లేదు. పైగా నోటుబుక్కు తిరగేసిన అన్నయ్య, ‘వేరేవాళ్ల పాత్రలు తీసుకుని రాసేదీ ఒక రాతేనా?’ అన్నాడట. ‘మానేయమంటారా అక్కా?’ అని అడిగింది.

ఇలాంటి రాతను ఇప్పుడు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. మనసుకు పట్టిన సినిమానో నవలనో తీసుకుని, అందులోని మనుషులతో అభిమానులు అల్లుకునే కొత్త కథ. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అభిమానులు 1967లోనే సొంతంగా పత్రిక వేసుకుని మరీ రాసుకున్నారు. కోట్లలో అమ్ముడైన ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’ కూడా మొదట ‘ట్విలైట్’ నవలల మీద ఇష్టంతో రాసిందే. తర్వాత పేర్లు మార్చి పుస్తకంగా వేశారు.

చెల్లీ, ముందు మీ అన్నయ్య సంగతి చూద్దాం. ఓ ఆదివారం ఆయన్ని సూర్యాపేట బస్సెక్కించు. అక్కడికి దగ్గర్లోనే పిల్లలమర్రి. 1208 నాటి ఎరకేశ్వరాలయం చూడ్డానికి జనం వెళ్తుంటారు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న కవి పిల్లలమర్రి పినవీరభద్రుడు. పదిహేనో శతాబ్దం వాడు. ‘శృంగార శాకుంతలం’ రాశాడు. మరి శకుంతల ఆయన సొంత పాత్రా? కాదు. కాళిదాసుదా? ఆయనదీ కాదు. భారతంలోది.

భారత కథలో ఉంగరం లేదు. దుర్వాసుడి శాపం లేదు. దుష్యంతుడికి అంతా గుర్తే. గుర్తుండి కూడా నిండు సభలో ‘నువ్వెవరో తెలియద’నేస్తాడు. ఆకాశవాణి చెప్పాక గానీ ఒప్పుకోడు. కాళిదాసు నాటకం చూస్తే ఆయన ఇక్కడే ఆగిపోయాడనిపిస్తుంది నాకు. అంతగా ప్రేమించినవాడు అలా ఎందుకన్నాడు? మర్చిపోయాడనుకుందాం. ఎలా మర్చిపోయాడు? శాపం వచ్చింది. శాపం తీరడానికి ఒక గుర్తు కావాలి, ఉంగరం వచ్చింది. అది నీళ్లలో జారిపోవాలి, చేప మింగాలి, జాలరి చేతికి దొరకాలి... ఒక్క సందేహం ఏడంకాల నాటకమైంది. సుమారు వెయ్యేళ్ల తర్వాత మన పినవీరభద్రుడు కాళిదాసు కథనూ భారత కథనూ ముందు పెట్టుకుని తెలుగులో మరో శాకుంతలం అల్లాడు. వీళ్లది రాత కాదంటాడేమో అన్నయ్యని అడుగు.

ఇక నలభై పేజీల దగ్గర నీ బండి ఎందుకు ఆగిందో చెప్తాను. నువ్వు పంపిన పేజీలు చదివాను. భాష బాగుంది. కానీ సగానికి పైగా మేం తెరమీద చూసిన సన్నివేశాలే. దేవసేన ఎంత ధీరురాలో మళ్లీ మళ్లీ చెప్పావు. అది మాకు తెలుసు కదమ్మా! ఇష్టంతో ఓ ముప్పై పేజీలు నడుస్తాయి. ఆ తర్వాత నీకే జవాబు తెలియని ప్రశ్న ఒకటి ఉండాలి. పాతికేళ్లు ఆమెకు మంచినీళ్లు ఎవరిచ్చారు? జ్వరమొస్తే చూసిందెవరు? ఆమె పుల్లలు ఏరుకుంటుంటే నవ్విన కాపలావాళ్లలో, నవ్వడం మానేసిన మొదటివాడెవడు? వాడికీ ఇంట్లో ఓ కూతురుంటే, తన ఉద్యోగం ఏమిటని చెప్పుకున్నాడు?

నన్నడిగితే ఆ కాపలావాణ్ని పట్టుకో. ‘మాయాబజార్’ (1957) మళ్లీ చూడు, పాండవులు ఒక్క సన్నివేశంలోనూ కనబడరు. బలరాముడి కూతురు శశిరేఖ వ్యాసభారతంలో అసలే లేదు. పెద్ద పాత్రల్ని పక్కకు జరిపారు కాబట్టే ఘటోత్కచుడికి అంత చోటు దొరికింది. నీకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. ముగింపు ముందే తెలుసు, కొడుకు వస్తాడు. కాబట్టి ‘విడుదలవుతుందా లేదా’ అని పాఠకుణ్ని ఊరించలేవు. అదే కాపలావాడు చివరికి ఎటు నిలబడతాడో మాకెవరికీ తెలియదు.

పెద్ద కథలో ఇంకో చిక్కు, మతిమరుపు. మూడో భాగంలో పదేళ్ల పిల్ల ఎనిమిదో భాగంలో తొమ్మిదేళ్లదవుతుంది. మీ ఊళ్లో రైస్ మిల్లు గుమాస్తా బస్తాల లెక్క రాసుకున్నట్టు విడిగా ఓ చిట్టా పెట్టు: ఎవరి వయసెంత, ఏ ఏడు ఏం జరిగింది, ఎవరికి ఏ సంగతి తెలుసు. మొదటి భాగం నుంచే రాయాలనీ లేదు. బాగా కనబడుతున్న సన్నివేశంతో మొదలెట్టు. రోజుకు రెండు పేజీలు చాలు. నిన్నటి పేజీలు దిద్దుతూ కూర్చోకు, ఆ పని అంతా అయ్యాక.

కోదాడ నుంచి ఇంకో పాఠకుడు అడిగాడు, ఇలా రాసింది అచ్చేసి అమ్ముకోవచ్చా అని. భారత రామాయణాలైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ కాలపు నవలలూ సినిమాలూ అలా కాదు. మన చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. సినిమాకైతే విడుదలయ్యాక 60 ఏళ్లు. ‘బాహుబలి’కి ముందు కథగా 2017లో ఆనంద్ నీలకంఠన్ శివగామి మీద ఇంగ్లిషులో నవల రాశారు, అది సినిమావాళ్లే రాయించుకున్నది. మీరు అమ్మాలనుకుంటే అనుమతి తెచ్చుకోవాలి, లేదంటే పేర్లూ ఊళ్లూ మార్చి సొంత కథ చేసుకోవాలి.

పినవీరభద్రుడి గురించి ఓ కథ చెబుతారు. సాళువ నరసింహరాయలికి ‘జైమిని భారతం’ రాసిస్తానని మాటిచ్చి, గడువు ముంచుకొచ్చేదాకా ఒక్క పద్యమూ రాయలేదట. (బద్ధకం మనకే కాదన్నమాట.) ఆఖరి రాత్రి గది తలుపులు మూసుకున్నాడు. లోపల సరస్వతే కూర్చుని రాసిపెడుతోందట. ఇంతలో అన్న పెదవీరభద్రుడు తలుపు సందులోంచి తొంగిచూశాడు. అంతే, ఆవిడ మాయం!

రాస్తున్నప్పుడు అన్నలు తొంగిచూడటం అప్పట్నుంచీ ఉన్నట్టుంది. పూర్తయ్యేదాకా నోటుబుక్కు బియ్యం డబ్బా వెనక దాచుకో. ఆ నలభై పేజీలు చింపకు, చిట్టాకి పనికొస్తాయి. నలభై ఒకటో పేజీలో కాపలావాడి మొదటి రాత్రి డ్యూటీ రాయి. అది మాత్రం నాకు పంపు.