‘సతీమణి’ కన్నుమూత

2021 జూన్ 13న మొహాలీలో ఒక మాజీ క్రీడాకారిణి కోవిడ్‌తో చనిపోయారు. ఆమె భారత మహిళా వాలీబాల్ జట్టుకి కెప్టెన్‌గా ఆడారు. పంజాబ్ ప్రభుత్వంలో మహిళా క్రీడల డైరెక్టర్‌గా పనిచేశారు. పేరు నిర్మల్ కౌర్. నేను చూసిన పత్రికల్లో శీర్షిక మాత్రం ఒకటే: ‘మిల్ఖా సింగ్ సతీమణి కన్నుమూత’. ఐదు రోజుల తర్వాత, జూన్ 18న, మిల్ఖా సింగ్ కూడా కోవిడ్‌తోనే చనిపోయారు. పంజాబ్ ప్రభుత్వం సంతాపదినం ప్రకటించింది, సెలవిచ్చింది, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ‘నిర్మల్ కౌర్ భర్త కన్నుమూత’ అనే శీర్షిక నాకెక్కడా కనబడలేదు. అలా ఎవరైనా రాసి ఉంటే ఎంత నవ్వులాటగా ఉండేదో ఊహించండి. ఆ నవ్వు ఎక్కణ్ణించి వస్తుందన్నదే నా ప్రశ్న.

మిల్ఖా సింగ్ పరుగుని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన వెంట్రుకవాసిలో పతకం పోగొట్టుకున్న సంగతి పరుగుపందెం చూడనివాళ్లకి కూడా తెలుసు. నిర్మల్ ఎవరిమీద ఆడారో, ఎన్నేళ్లు ఆడారో, 1950లలో ఒక అమ్మాయి బంతి పట్టుకుని మైదానంలోకి రావడానికి ఇంట్లోవాళ్లని ఎలా ఒప్పించాల్సి వచ్చిందో మనకి తెలీదు. వాళ్లిద్దరికీ పరిచయమైంది అప్పటి సిలోన్‌లో అని అందరూ ముచ్చటగా రాశారు. అక్కడికి ఆమె ఎవరి భార్యగానూ వెళ్లలేదు, తన జట్టుతో వెళ్లారు. ఆ ముక్క మాత్రం ప్రేమకథలో కలిసిపోయింది.

చనిపోయినవాళ్ల గురించి నాలుగు మంచిమాటలు రాస్తే దాన్ని కూడా తప్పు పట్టాలా అని కొందరు విసుక్కుంటారు. పట్టాలి. నివాళిని మనం మర్యాద అనుకుంటాం గానీ అది చరిత్ర రచన కూడా. రేపు ఎవరైనా సినిమా గురించో ఆటల గురించో పుస్తకం రాయాలంటే ముందు తిరగేసేది ఈ కాగితాలనే. అందులో ఆమె పని లేకపోతే పుస్తకంలో కూడా ఉండదు. స్త్రీల మరణవార్తలు రాయడానికి మన పత్రికల దగ్గరా చానళ్ల దగ్గరా కొన్ని అచ్చులు సిద్ధంగా ఉంటాయి. ఎంత పెద్ద కళాకారిణి పోయినా ఆ అచ్చుల్లో ఒకదాంట్లో పోసి తీస్తారు. మొదటి అచ్చు ‘సతీమణి’.

2019 జూన్ 27న విజయనిర్మల పోయినప్పుడు ఈ అచ్చు బాగా పనికొచ్చింది. ‘సూపర్‌స్టార్ కృష్ణ సతీమణి’ అన్నది ముందు, ‘నటి, దర్శకురాలు’ అన్నది తర్వాత. ఆమె దర్శకత్వం చేసినవి 44 సినిమాలు. ప్రపంచంలో అత్యధిక చిత్రాలకి దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఈ అంకెని అందరూ వేశారు, నిజమే. అంకె వేసి ఊరుకున్నారు. 44 సినిమాలు తీయడమంటే ఏమిటి? 1973లో మలయాళంలో ‘కవిత’, తెలుగులో ‘మీనా’తో మొదలుపెట్టి 2009లో ‘నేరము-శిక్ష’ దాకా, ముప్ఫై ఆరేళ్ల పాటు సెట్టుమీద మగవాళ్ల గుంపుకి ‘స్టార్ట్’ అనీ ‘కట్’ అనీ చెప్పడం. ఫైనాన్సియర్లతో బేరాలు, బయ్యర్లతో తగాదాలు, పొద్దున కెమెరా వెనక, మధ్యాహ్నం ముఖానికి రంగేసుకుని కెమెరా ముందు. 1974లో ఆమె ‘దేవదాసు’ తీశారు. అందులో పార్వతి వేషం కూడా ఆమెదే. పార్వతిగా నటిస్తున్న స్త్రీయే ఆ కథని నడిపించిన సందర్భం మన సినిమాలో ఇంకెక్కడుంది? ఆ సినిమా ఆడలేదన్న ఒక్క మాటతో దాన్ని మూసేశాం. ఆమె దేవదాసుని ఎలా చూశారో, పార్వతికి ఏం ఇచ్చారో, ఏం ఇవ్వలేకపోయారో ఒక్క విమర్శకుడైనా పట్టించుకున్నాడా? ఆ 44 సినిమాలు అన్నీ గొప్పవని నేనను. చాలావాటిలో పురుషాధిక్య భావజాలం నిండుగానే ఉంది. కానీ విమర్శించాలన్నా ముందు చూడాలి కదా!

ఒకసారి డిగ్రీ క్లాసులో విజయనిర్మల ఎవరని అడిగితే, వెనక బెంచీలోంచి ఒకమ్మాయి ‘మహేశ్‌బాబు వాళ్ల నాన్నగారి రెండో భార్య’ అంది. పిల్లని తప్పు పట్టడానికేం లేదు. ఆమెకి మనం అందించిన చరిత్ర అదే.

రెండో అచ్చు ‘గడప’. గొప్పవాడు లోపలికి రావడానికి దాటిన గడప. 2025 ఫిబ్రవరి 16న, నూరేళ్లు నిండిన కృష్ణవేణి హైదరాబాద్‌లో చనిపోయారు. ‘ఎన్టీఆర్‌ని వెండితెరకు పరిచయం చేసిన నిర్మాత ఇకలేరు’ అని రాశారు. 1949లో ఆమె నిర్మించిన ‘మనదేశం’లో రామారావుది చిన్న పోలీసు వేషం. ఆ సినిమాకి డబ్బు పెట్టిందీ, అందులో నాయికగా నటించిందీ, పాడిందీ కృష్ణవేణి. శరత్ నవల ఆధారంగా, స్వాతంత్ర్యోద్యమం నేపథ్యంగా కథని తీసుకుని, ఎల్.వి. ప్రసాద్‌కి దర్శకత్వం అప్పగించారు. పాతికేళ్లైనా నిండని స్త్రీ! బాలనటిగా 1936లో ‘సతీ అనసూయ’తో మొదలై, నటిగా, గాయనిగా, నిర్మాతగా, స్టూడియో వ్యవహారాలు తెలిసిన మనిషిగా ఎదిగిన జీవితం. కొత్త రాజ్యం ఏర్పడుతున్న రోజుల్లో ‘మనదేశం’ అనే పేరు పెట్టి ఒక స్త్రీ సినిమా తీసిందంటే ఆ దేశంలో తనకెక్కడ చోటుందనుకుంది? ఇది మన ప్రశ్న కావాలి. ఆ ఒక్క పోలీసు వేషం చుట్టూ తిరిగిన నివాళులు ఆ ప్రశ్న వేసుకోవు. ఆమె వందేళ్లు బతికారు. చివరిదాకా ఆ ఒక్క కథ కోసమే మైకులు ఆమె ముందు పెట్టాం.

మూడో అచ్చు అన్నిటికన్నా క్రూరమైంది. అందులో స్త్రీ కళాకారిణి కాదు, శవం. 2018 ఫిబ్రవరి 24న దుబాయ్‌లో శ్రీదేవి చనిపోయినప్పుడు మనం చూసింది అదే. ప్రమాదవశాత్తు నీళ్లలో మునిగి చనిపోయారని అక్కడి అధికారులు తేల్చి చెప్పేలోపు మన చానళ్లు ఎన్ని కోర్టులు నడిపాయి! ఒక తెలుగు చానల్ విలేఖరి బాత్‌టబ్‌లో పడుకుని మరీ వివరించాడు. ఆమె తాగారా, ముఖానికి ఆపరేషన్లు చేయించుకున్నారా, భర్తతో ఎలా ఉండేవారు, ఇవి చర్చలు. నాలుగేళ్ల వయసు నుంచీ పనిచేసిన మనిషి ఆమె. బడికి వెళ్లాల్సిన వయసంతా లైట్ల కింద గడిచింది. తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ, హిందీ సినిమాల్లో యాభై ఏళ్ల శ్రమ. ఆ బాల్యం గురించి, పసిపిల్ల సంపాదన మీద నడిచే ఇళ్ల గురించి మాట్లాడే సందర్భం అది. మనం నీటి లోతు కొలుస్తూ కూర్చున్నాం.

ఐదేళ్ల తర్వాతైనా బుద్ధి వచ్చిందా? 2023 ఫిబ్రవరి 4న చెన్నైలో వాణీ జయరాం తన ఇంట్లో ఒంటరిగా ఉండగా చనిపోయారు. అంతకు కొద్దిరోజుల ముందే పద్మభూషణ్ ప్రకటించారు. వెంటనే ‘అనుమానాస్పద మృతి’ అంటూ అరుపులు. పడిపోవడం వల్ల తలకి తగిలిన దెబ్బే కారణమని పోలీసులు చెప్పాక ఆ అరుపులు ఆగాయి, ఆమె గురించిన మాట కూడా వాటితోపాటే ఆగిపోయింది. భర్త పోయిన స్త్రీ ఒంటరిగా తన ఇంట్లో, తన పనితో బతుకుతోందంటే దానికదే అనుమానించాల్సిన విషయమా?

ఆమెకి రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 2న, కె. విశ్వనాథ్ పోయారు. ఆయన కళాతపస్సు గురించి పేజీలకి పేజీలు వచ్చాయి, రావలసిందే. వాణీ జయరాంకి గాయనిగా వచ్చిన మూడు జాతీయ అవార్డుల్లో రెండు ఆయన సినిమాలకే: ‘శంకరాభరణం’, ‘స్వాతికిరణం’. ‘స్వాతికిరణం’లో గురువుని అసూయతో రగిలించిన ఆ బాలమేధావి గొంతు నలభై అయిదేళ్లు దాటిన స్త్రీది. ఒక పిల్లవాడి గొంతులో దూరి, వాడి అమాయకత్వాన్నీ విద్వత్తునీ ఒకేసారి పలికించడం ఎంత సాధన! ఆ సినిమా గురించి వచ్చిన చర్చల్లో గురువు మనస్తత్వం మీద ఎంత సిరా ఖర్చయింది, ఆ గొంతు మీద ఎంత ఖర్చయింది? లెక్క మీరే తేల్చండి.

నాలుగో అచ్చు పొగడ్తలా కనిపిస్తుంది. 2023 జనవరి 27న జమున పోయారు. ‘తెలుగువారి సత్యభామ’ అన్నారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఆమెతో నటించకూడదని కొన్నేళ్లు దూరం పెట్టిన సంగతిని సత్యభామ పొగరుకి ఉదాహరణగా, సరదా ముచ్చటగా చెప్పుకున్నారు. అది సరదా సంగతా? పరిశ్రమని శాసించే ఇద్దరు కథానాయకులు ఒక నటి ఉపాధి మీద దెబ్బ కొట్టడం అది. ఇవాళ్టి భాషలో బహిష్కరణ. ఆమె తలవంచలేదు. హరనాథ్, జగ్గయ్యలాంటి నటులతో పనిచేస్తూ నిలబడ్డారు. 1962లో ‘గుండమ్మకథ’లో ఆ ఇద్దరూ ఆమె పక్కన నటించాల్సి వచ్చింది. తర్వాత 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. ఒక కార్మికురాలి ప్రతిఘటనని పురాణపాత్ర అలకగా మార్చేస్తే, బహిష్కరించినవాళ్లని ఎవరూ ఏమీ అడగక్కర్లేదు. మగవాడికైతే ఆత్మాభిమానం, ఆడదానికైతే పొగరు. భానుమతి 2005లో పోయినప్పుడూ ఇదే చూశాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. శ్రీదేవికి మహారాష్ట్ర ప్రభుత్వం అధికార లాంఛనాలు ఇచ్చింది. 2022లో లతా మంగేష్కర్ పోతే దేశమంతా రెండు రోజులు సంతాపం పాటించింది. 2025 జూలైలో బి. సరోజాదేవిని కర్ణాటక ప్రభుత్వ గౌరవాలతో సాగనంపారు. ఇంకేం కావాలి మీకు? తుపాకులు గాల్లోకి పేల్చినంత మాత్రాన పని చరిత్రకెక్కదు. దేవతని చేసి ఊరేగించడం, భార్యని చేసి మూలన కూర్చోబెట్టడం రెండూ మనకి పాత అలవాట్లే. రెంటిలోనూ ఆమె శ్రమ మాయమవుతుంది. పారితోషికం ఎంత, ఎవరు తీసుకున్నారు, కాన్పు తర్వాత ఎన్నాళ్లకి సెట్టుకి వచ్చింది, వేషాలు ఎప్పుడు ఆగిపోయాయి, ఆపింది ఎవరు? ఇవి అడిగే నివాళి కావాలి నాకు. ఈ పెద్దపేర్లకే ఇలా ఉంటే, వాళ్ల వెనక వరసలో ఆడిన గ్రూప్ డాన్సర్లకి, నాయికలకి గొంతు అరువిచ్చిన డబ్బింగ్ కళాకారిణులకి రెండు లైన్లైనా దక్కుతాయా?

ఇప్పుడు మన సంగతి. సాహిత్యంలో ఉన్న మనం సినిమా స్త్రీలని సినిమా పేజీకి వదిలేశాం. ‘మీనా’ నవల రాసింది యద్దనపూడి సులోచనారాణి, సినిమాగా తీసింది విజయనిర్మల. ఒక స్త్రీ రాసిన నవలతో మరో స్త్రీ తెలుగులో దర్శకురాలైంది. యద్దనపూడి 2018 మే 21న, విజయనిర్మల పదమూడు నెలల తర్వాత పోయారు. ఈ రెండు మరణాలనీ కలిపి చూసిన వ్యాసం నా కంటపడలేదు. ఒకరు ‘కలల రాకుమారుడి’ రచయిత్రి, ఇంకొకరు కమర్షియల్ సినిమా మనిషి. మన గంభీరమైన విమర్శకి ఇద్దరూ ఆనలేదు. ‘అత్తగారి కథలు’ రాసి, ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసిన భానుమతిని సగం వాళ్లకీ సగం మనకీ పంచుకుని, చివరికి ఎవరమూ పూర్తిగా చదవలేదు.

మనకి దారి తెలియక కాదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ని పరిష్కరించి అచ్చువేయించారు. ఒక కళాకారిణిని మరో కళాకారిణి బతికించుకున్న సందర్భం అది. నిషేధం పడినా ఆ పని పోలేదు. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది. తెలంగాణ సాయుధపోరాటంలో పనిచేసిన స్త్రీల ఇళ్లకి వెళ్లి, కూర్చుని, వాళ్ల మాటల్లోనే వినడం వల్ల వచ్చింది. ఆ పద్ధతినే సినిమా స్త్రీల దగ్గరికీ, ఆటగత్తెల దగ్గరికీ తీసుకుపోవాలి. డెబ్భై, ఎనభై ఏళ్ల నటీమణులు, గాయనులు, డాన్సర్లు ఇంకా ఉన్నారు. 1960, 70లలో జిల్లా జట్లకి కబడ్డీ, వాలీబాల్ ఆడి, తర్వాత హైస్కూళ్లలో డ్రిల్లు టీచర్లుగా రిటైరైన స్త్రీలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆటలాడే పిల్లకి నిక్కరేసుకునే హక్కు కోసం వాళ్లు పడిన పోరాటం ఏ క్రీడాపేజీలోనూ లేదు. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లు పిహెచ్.డి. అంశాలుగా ఇవ్వండి. రాసేవాళ్లు రాయండి. వాళ్లు పోయాక కాదు, బతికుండగా.

ఒక చిన్న నియమం పెట్టుకుందాం. మొదటి వాక్యంలో ఆమె పేరు, ఆమె చేసిన పని ఉండాలి. భర్త, కొడుకు, ఆమె పరిచయం చేసిన మహానుభావుడు చివరి పేరాలో వస్తారు, చోటుంటే.

ఇదంతా సినిమావాళ్ల గొడవ కదా అనుకునేవాళ్లు మనలో ఇంకా ఉంటే, సాహిత్యపేజీలో వచ్చే మరణవార్తల్ని ఒకసారి తిరగేయండి. ‘ప్రముఖ కవి ఫలానావారి సతీమణి. ఆమె కూడా రచనలు చేసేవారు.’ ముప్ఫై ఏళ్ల రాత ఆ ‘కూడా’లో ఇమిడిపోతుంది. ఆ మాటని కొట్టేసే కలం మన చేతిలోనే ఉంది. వాడకపోతే రేపు అది మన పేరు పక్కన కూర్చుంటుంది.